టాహోకి క్యాంపింగ్ వెళ్ళేముందు: అక్కడి బోర్డుల గురించి కాసేపు
(సమ్మర్ క్యాంపింగ్‌కి వెళ్ళబోయే తెలుగు ఫ్యామిలీల మీటింగ్‌లో ఇచ్చిన టాక్, రికార్డింగ్ విని టైప్ చేసింది)

అందరికీ నమస్కారం అండి. వెనక వాళ్ళకి వినపడుతోందా? సరే, మైక్ కాస్త దగ్గరగా పెట్టుకుంటా.

నన్ను ప్యాకింగ్ లిస్ట్ గురించి మాట్లాడమన్నారు. ఆ లిస్ట్ ఆల్రెడీ వాట్సాప్ గ్రూపులో పడింది, టెంట్, స్లీపింగ్ బ్యాగ్, హెడ్‌ల్యాంప్, అన్నీ ఉన్నాయి, మళ్ళీ ఇక్కడ నిలబడి చదివితే మీరు నిద్రపోతారు. దానికి ఒక్కటే కలుపుతా, జూలై నెలైనా సరే స్వెట్టర్లు, మంకీ క్యాప్ పెట్టుకోండి, పగలు ఎండ మాడుస్తది, రాత్రి 40 ఫారెన్‌హీట్ దగ్గరకి పడిపోతది. కింద శాక్రమెంటో పక్కన ఫాల్సమ్‌లో 100 డిగ్రీల్లో కార్ ఎక్కిన వాళ్ళకి ఆ సంగతి గుర్తుండదు.

నేను చెప్దామనుకున్నది బోర్డుల గురించి. అక్కడ ఎక్కడ చూసినా బోర్డులే ఉంటాయి కదా, మంట పెట్టొద్దు, తిండి బయట వదలొద్దు, సైకిల్ వద్దు, గుర్రాలకి దారివ్వండి, ఇక్కడ ఎక్కొద్దు, అక్కడ తొక్కొద్దు. మనవాళ్ళు దాన్ని చూసి "ఆ, ఇవన్నీ రాస్తూనే ఉంటార్లే" అని ముందుకెళ్ళిపోతారు. మనవాళ్ళే కాదు, అందరూ అంతే. నేను అప్పుడప్పుడు ట్రైల్ బాగుచేసే వాలంటీర్లతో పార పట్టుకుని వెళ్తుంటా, వాళ్ళ దగ్గర పాతవాళ్ళు చెప్పే మాటలు వింటుంటే నాకు అర్థమైంది ఏంటంటే ఆఫీసులో ఎవడో ఖాళీగా కూర్చుని ఊహించి రాసిన బోర్డులు కావివి, ఏదో ఒకటి నిజంగా జరిగాక పెట్టినవే ఎక్కువ. ఆ జరిగినవి తెలిస్తే బోర్డు ఎవరూ చదివి చెప్పక్కర్లేదు.

ముందు ఆ చెరువు, అదే లేక్ టాహో గురించి. చెరువంటే చిన్నది అనిపిస్తది గానీ 22 మైళ్ళ పొడుగు, 12 మైళ్ళ వెడల్పు, చుట్టూ ఒడ్డు 72 మైళ్ళు. లోతు 1,645 అడుగులు, అమెరికాలో దీనికంటే లోతైంది ఆరెగన్‌లో క్రేటర్ లేక్ ఒక్కటే. నీటిమట్టమే సముద్రం మీద 6,200 అడుగులకి పైన ఉంది. మూడింట రెండొంతులు కాలిఫోర్నియా, మిగతాది నెవాడా. 63 వాగులు లోపలికొస్తాయి, బయటకి పోయేది మాత్రం ఒక్క ట్రకీ నది, అదీ సముద్రానికి పోదు, నెవాడా ఎడారిలో పిరమిడ్ లేక్‌లో ఆగిపోద్ది. కాబట్టి లోపల పడింది ఏదైనా అంత తొందరగా బయటకి పోయే దారి లేదు, ఒక నీటి చుక్క లోపలికొస్తే సగటున 650 ఏళ్ళు అందులోనే ఉంటదని లెక్క. ఈ 650 గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దీని దగ్గరికి.

ఇప్పుడు మంట. క్యాంపింగ్ అంటే మనకి మంట చుట్టూ కూర్చుని అంత్యాక్షరి కదా. (నవ్వులు) 2007 జూన్ 24, ఆదివారం, సౌత్ లేక్ టాహో పక్కన సెనెకా పాండ్ అని చిన్న గుంట ఉంది, దాని దగ్గర ఎవరో పర్మిషన్ లేనిచోట చలిమంట వేసి సరిగ్గా ఆర్పకుండా వెళ్ళిపోయారు. ఆ రోజు గాలి. అంతే. అంగోరా ఫైర్ అంటారు దాన్ని, 3,100 ఎకరాలు కాలింది. కాలిఫోర్నియా లెక్కల్లో 3,100 ఎకరాలు అసలు పెద్ద ఫైరే కాదండి, కానీ 254 ఇళ్ళు పోయినాయి. ఎవరూ చనిపోలేదు, అదొక్కటే అదృష్టం. ఇప్పటికీ ఆ వైపు కొండ మీద చూస్తే ఏది పాత అడవి ఏది కాలిన అడవి అని మనలాంటి వాళ్ళకి కూడా తెలిసిపోద్ది.

ఎందుకంత ఫాస్ట్‌గా అంటుకుంటది అంటే, దానికి ఇంకా పాత కథ ఉంది. 1860ల నుంచి నెవాడాలో వర్జీనియా సిటీ అనే ఊళ్ళో వెండి గనులు నడిచాయి, కామ్‌స్టాక్ అంటారు, ఆ గనుల లోపల సొరంగాలకి దూలాలు కావాలి, బాయిలర్లకి కట్టెలు కావాలి, దాంతో ఈ చెరువు చుట్టూ అడవి చాలావరకు ఓ 30 ఏళ్ళలో నరికేశారు. మనం ఫోటోలు తీసుకుని "ఎంత పురాతనమైన అడవో" అని స్టేటస్ పెట్టేది చాలాచోట్ల ఆ నరికాక మళ్ళీ మొలిచిన అడవి, అన్నీ ఇంచుమించు ఒకే వయసు చెట్లు, ఇరుగ్గా. దానికితోడు తర్వాత వందేళ్ళపాటు చిన్న మంట కనపడినా ఆర్పేశారు, అంతకుముందు అక్కడి మూలవాసులు, వాషో జనాలు చిన్నచిన్న మంటలు కావాలని పెట్టి కింద చెత్త కాల్చేవాళ్ళు, అది ఆగిపోయింది. అంటే ఎండు పుల్లలూ ఆకులూ పేరుకుపోయి ఉన్నాయన్నమాట. 2021లో కాల్డోర్ ఫైర్ 2 లక్షల 20 వేల ఎకరాలు కాల్చి, సియెర్రా కొండ శిఖరం దాటి ఇవతలకొచ్చింది, ఆగస్ట్ 30న సౌత్ లేక్ టాహో ఊరు ఊరంతా ఖాళీ చేయించారు, హైవే మీద ఆ కార్ల లైను వీడియోలు మీలో చాలామంది చూసే ఉంటారు.

కాబట్టి మీరు వెళ్ళే వారంలో ఫైర్ రిస్ట్రిక్షన్ ఏముందో వెళ్ళేముందు రోజు చూసుకోండి, నెల ముందు చూసింది పనికిరాదు. ఆగస్టు, సెప్టెంబర్ వచ్చేసరికి చాలాసార్లు క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్న ఇనప రింగులో కూడా కట్టెలు, బొగ్గులు వద్దంటారు, గ్యాస్ స్టవ్ మాత్రం ఓకే. క్యాంప్‌గ్రౌండ్ బయట అడవిలో అయితే ఆ గ్యాస్ స్టవ్‌కి కూడా కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి, ఫ్రీనే, ఆన్‌లైన్‌లో చిన్న క్విజ్ లాంటిది రాస్తే వస్తది. మంటకి పర్మిషన్ ఉన్న రోజు వేసుకుంటే ఆర్పేటప్పుడు పైన ఓ బాటిల్ నీళ్ళు చల్లేసి వెళ్ళిపోవద్దు, బకెట్‌తో పొయ్యాలి, పారతో కలపాలి, మళ్ళీ పొయ్యాలి, చివర్లో చేతి వెనక వైపు దగ్గరగా పెట్టి చూడాలి, వేడి తగిలితే మళ్ళీ మొదటికి. కట్టెలు ఇంటినుంచి మొయ్యొద్దు, అక్కడే కొనండి, మన కట్టెలతో పాటు మన ఊరి పురుగులు కూడా అక్కడికి చేరతాయి.

ఎవరో అడుగుతున్నారు, వంట సంగతి... అవునండి, అది చెప్పాలి. ఆ ఎత్తులో నీళ్ళు 93, 94 డిగ్రీలకే మరిగిపోతాయి, కాబట్టి గిన్నెలో కందిపప్పు పెడితే ఉడికీ ఉడక్క పలుకుగా ఉంటది, పిల్లలు ఆకలో అని ఏడుస్తుంటారు. చిన్న ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళండి, దాని ముందు ఏ క్యాంపింగ్ గేర్ అయినా బలాదూరే.

కానీ వంట అన్నాక ఎలుగుబంటి సంగతి వస్తది. కాలిఫోర్నియాలో ఇప్పుడున్నవి బ్లాక్ బేర్‌లే, జెండా మీద ఉన్న గ్రిజ్లీ ఈ రాష్ట్రంలో 1920ల్లోనే అయిపోయింది. బ్లాక్ బేర్ అంటే నల్లగానే ఉండాలని లేదు, గోధుమరంగులో కూడా ఉంటది, చూసి గ్రిజ్లీ అని అరవొద్దు. వాటికి మనిషి మీద ఇంట్రెస్ట్ లేదు, తిండి మీదే. టాహోలో "హ్యాంక్ ద ట్యాంక్" అని ఫేమస్ అయిన ఎలుగు గురించి వినే ఉంటారు. మొదట అందరూ అది ఒకటే, మగది అనుకున్నారు, తర్వాత డీఎన్‌ఏ టెస్టులు చేస్తే ఇళ్ళలో దూరినవి ఒకటి కాదు, చాలా ఉన్నాయని తేలింది. 2023 ఆగస్టులో పట్టుకున్నది ఆడది, మూడు పిల్లలతో ఉంది, కనీసం 21 ఇళ్ళలో దూరిందని లెక్క. తల్లిని కొలరాడోలో శాంక్చువరీకి పంపారు, పిల్లల్ని వేరే చోటికి. దానికి ఆ రుచి నేర్పింది మనుషులే కదండి, ఎవడో కూలర్ బయట వదిలాడు, ఇంకెవడో చెత్తడబ్బా మూత వెయ్యలేదు. దూరమైంది మాత్రం తల్లీ పిల్లలు.

క్యాంప్‌గ్రౌండ్‌లో ప్రతి సైటు దగ్గరా ఇనప పెట్టె ఉంటది, బేర్ బాక్స్. అందులో తిండి ఒక్కటే పెడితే చాలదు, వాసనొచ్చేది ప్రతిదీ పెట్టాలి. టూత్‌పేస్ట్, సబ్బు, సన్‌స్క్రీన్, బేబీ వైప్స్, పిల్ల కార్ సీట్లో పడిపోయిన చీరియోస్. మన సైడ్ అయితే ఆవకాయ, నెయ్యి, కరివేపాకు పొడి. ఆవకాయ జాడీకి ఎన్ని కవర్లు చుట్టినా ఎలుగుబంటి ముక్కు ముందు ఆ కవర్లు ఎంత? కార్లో పెట్టి లాక్ చేశాం కదా అంటారు, కార్ డోర్ దానికి పెద్ద లెక్క కాదు, హ్యాండిల్ లాగి తెరిచినవి ఉన్నాయి, లోపలకెళ్ళాక డోర్ మూసుకుపోతే ఇక ఆ సీట్లు ఏమవుతాయో ఆలోచించుకోండి. (నవ్వులు) తిన్నాక గిన్నెలు కడిగే సంగతి కూడా, రేపు పొద్దున్నే కడుగుదాంలే అనేది ఇంటి దగ్గర. డెసొలేషన్ విల్డర్నెస్ అనే రక్షిత అడవిలోకి బ్యాక్‌ప్యాకింగ్ వెళ్ళే కుర్రాళ్ళకి బేర్ క్యానిస్టర్, అంటే ఎలుగు తెరవలేని గట్టి డబ్బా, తప్పనిసరి, 2022 నుంచి రూల్, చెట్టుకి సంచి వేలాడదియ్యడం ఒప్పుకోరు. అక్కడ చలిమంటలు అస్సలు లేవు, గ్రూపు 12 మందికి మించకూడదు, రాత్రి ఉండాలంటే కోటా పర్మిట్, పగలు వెళ్ళొచ్చినా ట్రైల్ మొదట్లో ఫ్రీ పర్మిట్ ఫారం నింపుకోవాలి.

ఉడతలకీ చిప్‌మంక్‌లకీ వేరుశెనగలు పెట్టొద్దు. పిల్లలకి అది ముద్దుగా ఉంటది, తెలుసు. 2021లో టేలర్ క్రీక్ విజిటర్ సెంటర్ దగ్గర చిప్‌మంక్‌లలో ప్లేగు కనపడి కొన్నాళ్ళు ఆ ఏరియా మూసేశారు. ప్లేగే అండి, మన తాతల కాలం ప్లేగు.

ఇంక ట్రైల్స్. నేను అసలు మాట్లాడదామనుకున్నది ఇదే.

చెరువు చుట్టూ కొండల అంచు మీదుగా టాహో రిమ్ ట్రైల్ అని ఒకటుంది, 165 మైళ్ళు, రెండు రాష్ట్రాలు. దాన్ని 1984లో తవ్వడం మొదలుపెట్టి 2001లో లూప్ పూర్తి చేశారు, చాలావరకు వాలంటీర్లు పారలూ గునపాలూ పట్టుకుని చేసిన పని. ఈ దారి ఒక్కళ్ళది కాదు, నడిచేవాళ్ళు ఉన్నారు, పరిగెత్తేవాళ్ళు, గుర్రాల మీదొచ్చేవాళ్ళు, మౌంటెన్ బైక్‌ల వాళ్ళు. మౌంటెన్ బైక్ వాడికి స్పీడ్ కావాలి, గుర్రానికి భయం, మనకి ఫోటో కావాలి. (నవ్వులు) గొడవలు రాకుండా ఎలా ఉంటాయి? వచ్చాయి. ఎలా సర్దుకున్నారో చూడండి, నాకు ఇదే బాగా నచ్చుతది. మౌంట్ రోజ్ దగ్గర టాహో మెడోస్ నుంచి టనెల్ క్రీక్ రోడ్ దాకా ఉన్న ముక్కలో సైకిళ్ళకి సరి తేదీల్లోనే పర్మిషన్. 2, 4, 6 తేదీలు సైకిళ్ళు రావొచ్చు, బేసి తేదీల్లో రావు. చిన్న పిల్లలున్నవాళ్ళు, పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాళ్ళు బేసి తేదీ చూసుకుని వెళ్తే హాయిగా నడవొచ్చు. పసిఫిక్ క్రెస్ట్ ట్రైల్ అనే ఇంకో పొడుగు దారితో కలిసి పోయే భాగంలో సైకిళ్ళు ఎప్పుడూ వద్దు, విల్డర్నెస్ ఏరియాల్లోనూ వద్దు. ఈ-బైక్ ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త, ఫారెస్ట్ సర్వీస్ దాన్ని మోటార్ బండి కిందే చూస్తది, ఫలానా ట్రైల్‌లో ఓకే అని రాసి ఉంటేనే ఎక్కండి, కాస్ట్‌కోలో కొన్నాం కదా అని ఎక్కెయ్యొద్దు.

మామూలు షేర్డ్ ట్రైల్‌లో ఎవరు ఎవరికి దారివ్వాలి అంటే, సైకిల్ వాడు అందరికీ ఆగాలి, నడిచేవాడు గుర్రానికి ఆగాలి. ఇద్దరు నడిచేవాళ్ళు ఎదురుపడితే దిగేవాడు ఎక్కేవాడికి దారివ్వాలి, మన ఘాట్ రోడ్డు మీద పైకెక్కే బండికి ముందు దారిస్తారు చూడండి, అదే లెక్క, ఎక్కేవాడు ఆగితే మళ్ళీ ఊపు అందుకోవడం కష్టం. గుర్రం వస్తే మాత్రం పల్లం వైపుకి దిగి నిలబడండి, కదలకుండా మాట్లాడకుండా కాదు, మెల్లిగా "హలో" అనండి, మన గొంతు వింటే దానికి ఇది మనిషేలే అని తెలుస్తది, పెద్ద బ్యాక్‌ప్యాక్ వేసుకుని చెట్టు చాటున బిగుసుకుపోయి నిలబడితే అది ఏదో జంతువనుకుని బెదిరిపోద్ది. పిల్లల్ని దాని వెనక్కి పోనివ్వొద్దు.

రూల్ ఇదైనా ప్రాక్టికల్‌గా ఒకటి చెప్తా. దిగుడులో బైక్ వాడు స్పీడ్‌గా వస్తున్నాడు, మన ఇద్దరు పిల్లలు దారి మధ్యలో రాళ్ళు ఏరుకుంటున్నారు, "వాడే ఆగాలి, రూల్ అదే" అని నిలబడితే రూల్ మనదే గానీ దెబ్బ కూడా మనకే. పక్కకి లాక్కోండి, వాడు థాంక్స్ చెప్తాడు, వెనక ఎంతమంది ఉన్నారో కూడా చెప్తాడు, "టూ మోర్ బిహైండ్" అని, అది విని మళ్ళీ దారిలోకి రండి. ఫ్లూమ్ ట్రైల్ అని నెవాడా వైపు ఉంది, ఒకప్పుడు గనుల కాలంలో నీళ్ళు పోయిన కాలవ గట్టు మీద వేసిన దారి, కింద చెరువు ఓ 1,500 అడుగుల దిగువన కనపడుతుంటది, సన్నగా ఉంటది, చాలా అందంగా ఉంటది, సైకిళ్ళ ట్రాఫిక్ బాగా ఎక్కువ. ఇరవై మంది గ్రూపుతో అక్కడికెళ్ళొద్దు అని నా సలహా.

గ్రూపు అన్నాను కాబట్టి. మనం ఎక్కడికెళ్ళినా ఎనిమిది ఫ్యామిలీలు కదా. ట్రైల్ మీద ఐదారుగురు చొప్పున విడగొట్టుకుని, మధ్యలో పది నిమిషాల గ్యాప్ ఇచ్చుకుని నడవండి, ముందొకరు వెనకొకరు దారి తెలిసినవాళ్ళు. బ్లూటూత్ స్పీకర్ టెంట్‌లోనే వదిలెయ్యండి, డీజే పాటలు ఇక్కడ మన ఫంక్షన్లలో ఎలాగూ ఉన్నాయి. క్యాంప్‌గ్రౌండ్‌లో రాత్రి 10 దాటితే క్వయట్ అవర్స్, 10 అంటే 10. పక్క టెంట్‌కి మన మాటలు గుసగుసగా కాదు, టీవీ సీరియల్‌లా స్పష్టంగా వినపడతాయి.

ట్రైల్ మలుపుల్లో అడ్డంగా షార్ట్‌కట్ కొట్టొద్దు, బురద గుంట వస్తే పక్కనుంచి చెట్లు తొక్కుకుంటూ పోవొద్దు, దాని మధ్యలోంచే నడవండి, బూట్లు కడుక్కోవచ్చు. ఇదెందుకు చెప్తున్నానంటే ఇందాక 650 ఏళ్ళు అన్నా కదా. ఆ నీళ్ళు ఎంత క్లియర్‌గా ఉన్నాయో యూసీ డేవిస్ యూనివర్సిటీ వాళ్ళు 1968 నుంచి కొలుస్తున్నారు, తెల్ల పళ్ళెం లాంటి డిస్క్ తాడుకట్టి లోపలికి దింపి, ఎంత లోతు దాకా కంటికి కనపడుతుందో చూస్తారు, అంత సింపుల్. మొదట్లో ఏడాది సగటు 100 అడుగులకి పైనే ఉండేది. 2017లో 60 అడుగులకి కూడా అందలేదు, అప్పటికి అదే రికార్డు కనిష్టం. కారణాల్లో పెద్దది మెత్తటి మట్టి, కంటికి కనపడనంత సన్నటి ధూళి, రోడ్ల మీద నుంచి, ఊళ్ళ కాలవల నుంచి, కోసుకుపోయిన నేల నుంచి వానకి కొట్టుకొచ్చేది, అది కిందకి దిగదు, అలా తేలుతూనే ఉంటది. రోడ్ల వాటా ముందు మన షార్ట్‌కట్ ఎంత అంటే తక్కువే, నిజమే. కానీ ఒకడు కోసిన షార్ట్‌కట్‌లో వంద మంది నడిచాక వానాకాలంలో అది వాగవుద్ది, దాన్ని మళ్ళీ పూడ్చడానికి రాళ్ళు మోసేది మేము, నడుములు పట్టేస్తున్నాయండి. (నవ్వులు)

చెత్త సంగతి ఒక్క ముక్కే. 2023 జూలై 4 సెలవు మర్నాడు వాలంటీర్లు కొన్ని బీచ్‌ల్లోనే 8 వేల పౌండ్ల పైన చెత్త ఎత్తారు. మీ పేపర్ ప్లేట్లు మీ కార్లోనే వెనక్కి రావాలి.

నీళ్ళలో దిగడం గురించి మాత్రం సీరియస్‌గా చెప్తా. పైన నీళ్ళు ఎండాకాలంలో కాస్త పర్లేదనిపిస్తాయి, ఒడ్డు దగ్గర మోకాలు లోతు, ఇంకో నాలుగడుగులు వేస్తే కొన్నిచోట్ల ఒక్కసారిగా లోతైపోద్ది, ఇంక చల్లదనం అంటే మామూలుది కాదు. ఒక్కసారి చల్లనీళ్ళలో పడితే మనిషి గట్టిగా ఊపిరి లోపలకి పీలుస్తాడు, అది మన చేతిలో ఉండదు, ఆ క్షణంలో తల నీళ్ళలో ఉంటే అంతే. ఈత వచ్చినవాడికీ అదే. అమెరికాలో చెరువుల్లో, జలపాతాల దగ్గర మన తెలుగు పిల్లలు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం, కాబట్టి కయాక్ అయినా పాడిల్‌బోర్డ్ అయినా లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి, బోర్డుకి కట్టి కాదు. మధ్యాహ్నం దాటాక గాలి లేస్తది, పొద్దున్నే వెళ్ళి భోజనానికి వచ్చెయ్యండి. సొంత కయాక్ ఉన్నవాళ్ళు వేరే చెరువులో వాడి ఉంటే కడిగి, నీళ్ళు కారబోసి, పూర్తిగా ఆరబెట్టి తీసుకెళ్ళండి, 2023లో న్యూజీలాండ్ మడ్‌స్నెయిల్ అనే చిన్న నత్తలు టాహోలో కనపడ్డాయి, అవి ఇలా బూట్లకీ పడవలకీ అంటుకునే వచ్చేవి.

ఇంకోటి, తూర్పు ఒడ్డున హైవే 50 సొరంగంలోంచి పోయే చోట కేవ్ రాక్ అని పెద్ద రాయి ఉంటది. వాషో వాళ్ళకి అది పవిత్రమైన చోటు. ఒకప్పుడు రాక్ క్లైంబర్లకి చాలా ఫేమస్, మేకులు కొట్టి ఎక్కేవాళ్ళు, ఫారెస్ట్ సర్వీస్ క్లైంబింగ్ ఆపేసింది, క్లైంబర్లు కోర్టుకెళ్ళారు, 2007లో కోర్టు నిషేధాన్నే నిలబెట్టింది. మన గుడి గోపురం మీదకి ఎవరైనా తాడేసి ఎక్కుతామంటే ఒప్పుకుంటామా? పిల్లలకి అక్కడ కారాపి ఈ సంగతి చెప్పండి.

ప్రశ్నలు తీసుకుంటా ఇక. చెప్పండి మేడమ్. ...ఎలుగుబంటి ఎదురైతే పరిగెత్తాలా అని అడుగుతున్నారు. పరిగెత్తొద్దు, చెట్టెక్కొద్దు, అది మనకంటే బాగా ఎక్కుద్ది. పిల్లల్ని దగ్గరకి లాక్కుని, చేతులు పైకెత్తి పెద్దగా కనపడేలా నిలబడి గట్టిగా అరవండి, గిన్నెలు కొట్టండి, దానికి తప్పించుకునే దారి వదిలి మెల్లిగా వెనక్కి జరగండి. ఫోటో కోసం దగ్గరకెళ్ళొద్దు, పిల్ల ఎలుగు కనపడితే అసలు వెళ్ళొద్దు, తల్లి పక్కనే ఉంటది.

అన్నగారూ, మీరు. ...ఒకే సైట్‌లో ఎంతమంది? స్టేట్ పార్కుల్లో సైటుకి 8 మంది, ఫారెస్ట్ సర్వీస్ క్యాంప్‌గ్రౌండ్‌లలో చాలాచోట్ల ఇంకా తక్కువ, రిజర్వేషన్ పేజీలో ఉంటది చూస్కోండి. పన్నెండు మందిని ఒక సైట్‌లో సర్దుదాం అంటే క్యాంప్‌గ్రౌండ్ చూసుకునే హోస్ట్ వచ్చి మర్యాదగా పంపించేస్తాడు.

బుకింగ్... అవును, చాలామంది అడుగుతున్నారు. ఫాలెన్ లీఫ్, నెవాడా బీచ్ లాంటివి రిక్రియేషన్ డాట్ గవ్‌లో, డి.ఎల్. బ్లిస్, షుగర్ పైన్ పాయింట్, ఎమరాల్డ్ బే స్టేట్ పార్కులు కాబట్టి రిజర్వ్ కాలిఫోర్నియాలో. రెండూ ఆరు నెలల ముందు ఓపెన్ అవుతాయి, మొదటిది మన కాలిఫోర్నియా టైమ్ ప్రకారం పొద్దున 7కి, రెండోది 8కి, వీకెండ్ సైట్లు నిమిషాల్లో పోతాయి. ఈ సమ్మర్‌కి ఆ డేట్లు ఎప్పుడో దాటిపోయాయి, కాబట్టి క్యాన్సిలేషన్ అలర్ట్ పెట్టుకోండి, ట్రిప్‌కి వారం ముందు నుంచి రోజూ చూస్తుండండి, ఆదివారం నుంచి గురువారం రాత్రుళ్ళు అయితే ఇంకా ఈజీగా దొరుకుతాయి. ఆఫీస్‌లో లీవ్ పెట్టగలిగినవాళ్ళు చేతులెత్తండి, ఆ బ్యాచ్‌ని వేరే గ్రూపు చేద్దాం, జూలై రెండో వారం మధ్య రోజులు నేను ఈరోజు రాత్రే చూసి గ్రూపులో పెడతా.